రాగి పోతలో గుల్లలు: మూసలో చేరిన వాయువులను వదిలించే పద్ధతి

కార్తీక మాసం, వాయుగుండం పట్టిన వారం. ఎర్తింగ్ క్లాంపులు, బస్‌బార్ (ఎక్కువ కరెంటు మోసే రాగి పట్టీ) జాయింట్లు కలిపి నలభై రాగి ముక్కలకు ఆర్డరు వచ్చింది. మాది కావలి శివార్లలో చిన్న షెడ్డు. ఒక గ్యాస్ ఫర్నేసు, పది కిలోలు పట్టే మూస (లోహాన్ని కరిగించే కుండ) ఉన్నాయి. అచ్చులు విప్పితే ముక్కలు పైకి నున్నగానే ఉన్నాయి. కానీ రైజర్ల (ముక్క గట్టిపడుతూ కుంచించుకుపోయేటప్పుడు లోహం అందించే అచ్చు పైగొట్టాల) నెత్తిన గుంట పడాల్సింది పోయి పుట్టగొడుగుల్లా ఉబ్బాయి. లేత్ మీద రెండు మిల్లీమీటర్లు కోత వేయగానే లోపలి సంగతి బయటపడింది. ముక్కంతా సూది బెజ్జాలే, పురుగు తొలిచిన వంకాయలా ఉంది. నలభైలో ముప్ఫై ఒకటి మళ్లీ స్క్రాపులో కలిశాయి.

ఇసుకలో తడి ఎక్కువైందన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు అచ్చులకు మంట చూపించి, బాగా ఆరబెట్టి మళ్లీ పోశాం. మళ్లీ అవే బెజ్జాలు. తప్పు అచ్చులో లేదు, మూసలో ఉంది. అచ్చులోకి దిగకముందే రాగి కడుపునిండా హైడ్రోజన్ తాగేసింది. దాన్ని తాగించింది కూడా మేమే, రాగిని కాపాడుతున్నామనుకుని. కరిగే రాగి మీద బొగ్గు మందంగా కప్పి, మూత బిగించి, మంట తగ్గించి ముప్పావుగంట ఉంచాం. ఆ బొగ్గు వానకు చెమ్మెక్కిన బస్తాలోది.

అప్పటినుంచి మేము పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. కారణాలు కాస్త ఎక్కువగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి. మోతాదులు బట్టీ పట్టి, కారణం వదిలేస్తే స్క్రాపు మారినప్పుడో, ఇంధనం మారినప్పుడో మళ్లీ మొదటికే వస్తారు.

ఏ వాయువు ఏం చేస్తుంది

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరిగిన రాగిలో హైడ్రోజన్ బుడగల్లా ఉండదు. ఉప్పు నీళ్లలో కలిసినట్టు పరమాణువులుగా విడిపోయి కలిసిపోతుంది. మూసలోకి ఎంత తొంగి చూసినా కనపడదు. చుట్టూ హైడ్రోజన్ నిండుగా ఉంటే, కరిగే స్థానం దగ్గర 100 గ్రాముల ద్రవ రాగి సుమారు 5 నుంచి 6 ఘన సెంటీమీటర్ల హైడ్రోజన్‌ను ఇముడ్చుకోగలదు. అదే రాగి గట్టిపడితే సుమారు 2 ఘన సెంటీమీటర్లకే చోటుంటుంది. మిగిలిన మూడు నాలుగు బయటికి పోవాల్సిందే.

మూడు నాలుగు ఘన సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. ఈ లెక్క సున్నా డిగ్రీల చల్లని వాయువుది. రాగి గట్టిపడే వేడిలో అదే వాయువు దాదాపు ఐదింతలు వ్యాకోచించి 15 నుంచి 20 ఘన సెంటీమీటర్లు అవుతుంది. 100 గ్రాముల ద్రవ రాగి ఆక్రమించే చోటు పన్నెండున్నర ఘన సెంటీమీటర్లే. అంటే లోహం కన్నా దాన్ని తోసుకుని బయటపడాల్సిన వాయువే ఎక్కువ.

మన ఫర్నేసులో అంత హైడ్రోజన్ ఉండదన్నది నిజమే. చిక్కు మరోచోట ఉంది. హైడ్రోజన్ కరిగే మొత్తం దాని పీడనానికి సూటిగా కాక, పీడనపు వర్గమూలానికి అనుగుణంగా మారుతుంది. దీన్ని సీవర్ట్స్ నియమం అంటారు. చుట్టూ ఉన్న హైడ్రోజన్ పీడనం నూరో వంతుకు పడిపోయినా రాగిలో కరిగేది పదో వంతుకే తగ్గుతుంది. కాస్త తడే కదా అని వదిలేస్తే దెబ్బ పెద్దగా తగిలేది అందుకే. పైగా వేడి పెరిగేకొద్దీ రాగి ఇంకా ఎక్కువ తాగుతుంది.

ఆక్సిజన్ తీరు వేరు. ద్రవ రాగిలో బాగా కరుగుతుంది, గట్టి రాగిలో దాదాపు కరగదు. అయినా ఆక్సిజన్ ఒక్కటే ఉంటే గుల్ల పడదు. రాగి గట్టిపడేటప్పుడు అది క్యూప్రస్ ఆక్సైడ్‌గా (ఎర్ర రాగి ఆక్సైడ్‌గా) మారి గింజల మధ్య ఉండిపోతుంది. 0.39 శాతం ఆక్సిజన్ ఉన్న రాగి 1065 డిగ్రీల చుట్టుపక్కల గట్టిపడుతుంది. కరెంటు తీగలకు వాడే మామూలు రాగిలో 0.02 నుంచి 0.05 శాతం దాకా ఆక్సిజన్ ఉండనిస్తారు కూడా.

అసలు ప్రమాదం ఈ రెండూ కలిసినప్పుడు. రాగి గట్టిపడుతూ హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ ఇంకా ద్రవంగా ఉన్న భాగంలోకి నెడుతుంది. ఆ కొద్ది ద్రవంలో రెండూ చిక్కబడి, కలిసి నీటి ఆవిరి అవుతాయి. ఆవిరి రాగిలో కరగదు. పుట్టిన చోటే బుడగై, చుట్టూ లోహం బిగుసుకుపోయేసరికి గుల్లగా మిగిలిపోతుంది. రైజర్‌ను కిందినుంచి పైకి తోసేది కూడా అదే.

సల్ఫర్ కూడా ఇలాంటిదే. రాతిబొగ్గులోంచో, ఫర్నేస్ ఆయిల్‌లోంచో వచ్చిన సల్ఫర్ రాగిలోని ఆక్సైడ్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది.  నైట్రోజన్ రాగిలో కరగదు, దానితో బెంగ లేదు, పైగా పనికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కూడా శుద్ధ రాగిని ఏమీ చేయదు. నికెల్ కలిసిన రాగి అయితే జాగ్రత్త, అది కార్బన్‌ను కరిగించుకుంటుంది.

ఒకే తక్కెడలో రెండు పళ్లేలు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. కరిగిన రాగిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఒక తక్కెడకున్న రెండు పళ్లేల్లాంటివి. చుట్టూ ఉన్న ఆవిరి ఒకే తీరుగా ఉన్నప్పుడు, రాగిలో ఆక్సిజన్ పెరిగితే హైడ్రోజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గితే హైడ్రోజన్ ఎక్కుతుంది. లెక్కగా చెబితే ఆక్సిజన్ నాలుగింతలైతే హైడ్రోజన్ సగమవుతుంది.

ఇప్పుడు మా బొగ్గు సంగతి చూడండి. బొగ్గు కప్పితే రాగి నల్లబడదు, పైన అద్దంలా మెరుస్తుంది. అది చూసి సంబరపడతాం. కానీ ఆ బొగ్గు రాగిలోని ఆక్సిజన్‌ను లాగేసి హైడ్రోజన్‌కు తలుపు బార్లా తీస్తోంది. బొగ్గులో చెమ్మ ఉంటే ఇక చెప్పాల్సిన పనే లేదు. తెల్లగా మెరిసే రాగి మంచి రాగి అన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా పాతుకుపోయింది. ఇత్తడి పోసేవాళ్ల దగ్గర నేర్చుకుని రాగికి వచ్చినవాళ్లలో మరీ ఎక్కువ.

రిఫైనరీల్లో ఈ తక్కెడను వందల ఏళ్లపాటు పచ్చికట్టెతో సరిచేశారు. ఆక్సిజన్ ఎక్కువున్న రాగిలోకి పచ్చి దుంగను దింపితే, దాని లోంచి వచ్చే వాయువులు ఆక్సిజన్‌ను తగ్గిస్తాయి. తక్కువసేపు చేస్తే గట్టిపడిన రాగి ఉపరితలం కుంగుతుంది. సరిపడా చేస్తే చదునుగా నిలుస్తుంది. అతి చేస్తే ఉబ్బుతుంది. ఉదయగిరి వైపు గరిమెనపెంట దగ్గర పాతకాలపు రాగి తవ్వకాలున్నాయి. మన నేల మీద కూడా రాగి, కట్టె, బొగ్గు ఎప్పటినుంచో కలిసే పనిచేశాయని ఆ దారిన వెళ్లినప్పుడల్లా అనిపిస్తుంది.

కాబట్టి పద్ధతి ఇది. కరిగేటప్పుడు ఆక్సిజన్‌ను కావాలనే ఎక్కువ ఉంచి హైడ్రోజన్‌ను బయటికి గెంటాలి. చివరి నిమిషంలో ఆ ఆక్సిజన్‌ను కూడా తీసేయాలి. హైడ్రోజన్ మళ్లీ చేరేలోపు పోసేయాలి. కింద చెప్పే మెట్లన్నీ దీనికోసమే.

మొదటి మెట్టు: స్క్రాపు

మన జిల్లాలో రాగి స్క్రాపు ఎక్కువగా మోటార్ల వైండింగ్ నుంచే వస్తుంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో తిరిగే ఏరేటర్ మోటార్లు కాలిపోతే ఆ తీగంతా పాత సామాన్ల షాపులకు చేరుతుంది. దాంట్లో మూడు దొంగలుంటారు. తీగ మీద వార్నిష్, అంటే నూనె జాతి పదార్థం, నిండా హైడ్రోజనే. రెండోది ఉప్పునీటి గాలికి పట్టిన పచ్చ చిలుము. చూడ్డానికి పొడిగా ఉన్నా అందులో నీటి భాగం రసాయనికంగా కట్టుబడి ఉంటుంది, ఎండలో ఆరదు, మూసలో వేడెక్కాకే ఆవిరిగా వదులుతుంది. మూడోది టిన్ను, సీసం టంకం. అది వాయువు సమస్య కాదు కానీ వాహకతను (కరెంటును పోనిచ్చే గుణాన్ని) పాడుచేస్తుంది, జాయింట్లు కత్తిరించి పక్కన పెట్టండి.

వైండింగ్ తీగను వేరే ఇనుప ట్రేలో, గాలి బాగా ఆడేచోట, ఊరికి దూరంగా, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి దులపాలి. ఆ పొగ మంచిది కాదు, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, గాలి పొగను తెచ్చే వైపు నిలబడకండి. పీవీసీ తొడుగున్న కేబుల్‌ను మాత్రం కాల్చనే వద్దు. దాని పొగలో ఆమ్లం, విషం రెండూ ఉంటాయి. కత్తితో ఒలవండి, లేదా ఒలిచినదే కొనండి. కాల్చిన తీగకు పట్టిన నల్లటి పొరను తోమేయాల్సిన పని లేదు. అది రాగి ఆక్సైడ్, మూసలో మనకే పనికొస్తుంది.

చెమ్మగా ఉన్న ముక్కను కరిగిన రాగిలో వేయడమంటే గుల్లల సంగతి తర్వాత, ముందు ప్రాణానికే ముప్పు. నీటిబొట్టు లోహం కింద ఆవిరైతే రాగి చిమ్ముతుంది. మధ్యలో వేసే ప్రతి ముక్కనూ ఫర్నేసు అంచున పెట్టి, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కాకే దించండి.

రెండో మెట్టు: మూస, గరిటె, బొగ్గు, అన్నీ ఆరాలి

మట్టి, గ్రాఫైట్ కలిపి చేసిన మూస గాలిలోని చెమ్మను పీలుస్తుంది. రాత్రంతా చల్లారిన మూసలో పొద్దున్నే రాగి వేసి మంట పెట్టడం మా పాత అలవాటు. ఇప్పుడు ఖాళీ మూసను సన్నని మంట మీద నెమ్మదిగా వేడిచేసి, ఎర్రబడ్డాకే రాగి వేస్తున్నాం. గరిటెలు, కలియబెట్టే కడ్డీ కూడా అంతే. కడ్డీ గ్రాఫైట్‌దైతే మంచిది. ఇనుప చువ్వ రాగిలో కొద్దికొద్దిగా కరిగి వాహకతను తగ్గిస్తుంది.

మన దగ్గర బొగ్గు అంటే ఎక్కువగా సర్కారు తుమ్మదే. మంచి బొగ్గే. కానీ వాన వారంలో బస్తాను తూచి, అదే బొగ్గును పెనం మీద వేయించి మళ్లీ తూచండి, ఎంత నీరు మోస్తోందో మీకే తెలుస్తుంది. తీరంలో గాలి చెమ్మ ఎండాకాలమూ తక్కువేం కాదు. 30 డిగ్రీల గాలి పూర్తిగా చెమ్మెక్కితే ఒక ఘనమీటరుకు 30 గ్రాముల నీరు మోస్తుంది, బ్లోయర్ దాన్నే లోపలికి కొడుతుంది. వానాకాలంలో అదనంగా చేరేది బస్తాల్లో, ఇసుకలో, మూసలో దాక్కున్న నీరు. అది మన చేతిలో ఉన్న సంగతి.

బోరాక్స్ (వెలిగారం) వాడేవాళ్లు కూడా గుర్తుంచుకోండి, మామూలు బోరాక్స్‌లో సగానికి దగ్గరగా నీరే ఉంటుంది. దాన్ని ముందే విడిగా కరిగించి, గాజులా చల్లార్చి, దంచి వాడాలి.

మూడో మెట్టు: మంట

ఒక కిలో ఎల్‌పీజీ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. లీటరు డీజిల్‌కు దాదాపు ఒక కిలో. అంటే గ్యాస్ ఫర్నేసు వాడే మనం మూస చుట్టూ ఆవిరినే తిప్పుతున్నాం. కోకు (రాతిబొగ్గును కాల్చి చేసే ఇంధనం) కొలిమిలో ఇది తక్కువ, కానీ సల్ఫర్ భయం ఉంటుంది. కరెంటు ఇండక్షన్ ఫర్నేసులో ఇంధనపు ఆవిరే ఉండదు. కొనగలిగితే అదే మేలు.

గ్యాసైనా, డీజిలైనా గాలి కాస్త ఎక్కువ ఉండేలా మంట పెట్టండి. మూత రంధ్రంలోంచి పసుపుగా, బద్ధకంగా, మసి వాసనతో నాలుక చాపే మంట పొదుపు కాదు. అందులో కాలకుండా మిగిలిన హైడ్రోజన్, హైడ్రోకార్బన్లు ఉంటాయి. పొట్టిగా, చురుగ్గా, చప్పుడుతో ఉండాలి. గ్యాసు కాస్త ఎక్కువే ఖర్చవుతుంది, మూస కూడా కొంచెం ముందే అరుగుతుంది. ఆ ఖర్చు భరించండి. మంట సూటిగా రాగి మీద పడకుండా, మూస చుట్టూ తిరిగేలా బర్నర్‌ను వాలుగా పెట్టాలి.

నాలుగో మెట్టు: గబగబా కరిగించడం, ఆక్సిజన్ పట్టించడం

నిదానంగా చేసేది మూసను వేడెక్కించడమే, రాగిని కాదు. రాగి ద్రవంగా ఎంతసేపు ఉంటే అంత తాగుతుంది కాబట్టి అచ్చులన్నీ సిద్ధమయ్యాకే రాగి వేయండి. అచ్చు కడుతూ మూసను వేచి ఉంచడం మేము చేసిన రెండో తప్పు.

మంట చాలినంత ఆక్సిజన్ ఇవ్వకపోతే రాగి ఆక్సైడ్ వేయాలి. నల్ల రాగి ఆక్సైడ్‌లో 20 శాతం ఆక్సిజన్ ఉంటుంది. పది కిలోల రాగిలో 0.1 శాతం ఆక్సిజన్, అంటే 10 గ్రాములు రావాలంటే 50 గ్రాముల నల్ల ఆక్సైడ్ చాలు. దాన్ని మూస అడుగునే రాగి ముక్కల కింద వేస్తాం. రాగి రేకులను కాల్చినప్పుడు రాలే పొలుసు కూడా పనికొస్తుంది. అందులో ఎర్ర ఆక్సైడ్ కూడా ఉంటుంది, దాని ఆక్సిజన్ 11 శాతమే కాబట్టి కాస్త ఎక్కువ వేయాలి. పైన బొగ్గు వద్దు. గాజు పొడి చల్లుకుంటే తెట్టులా కప్పి ఉంటుంది, అది ఆక్సిజన్‌ను లాగదు.

ఇప్పుడు రాగి మీద నల్లటి పొర కడుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, మొదటిసారి చేసినప్పుడు రాగి పాడైపోతోందని నాకు చేతులు వణికాయి. కంగారు పడకండి, ఆ ఆక్సిజన్‌ను తర్వాత మనమే తీసేస్తాం.

వేడి 1150 నుంచి 1200 డిగ్రీల మధ్య ఉంచండి. పలచని ముక్కలకు పైఅంచు, మందపు ముక్కలకు కిందిఅంచు. కంటితో రంగు చూసి చెప్పే పెద్దవాళ్ల నేర్పు మీద నాకు గౌరవముంది, అయినా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ సాధనం) పెట్టుకోండి. యాభై డిగ్రీల తేడా కంటికి దొరకదు, హైడ్రోజన్‌కు మాత్రం అది పండగే.

ఐదో మెట్టు: చెంచా పరీక్ష

అన్ని మెట్లలోకీ నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే. ఖర్చు దాదాపు సున్నా, ఒక్క పోత కాపాడినా నెల జీతం మిగులుతుంది.

మూడు సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల లోతు ఉన్న గ్రాఫైట్ గిన్నె, లేదా అంతే కొలతతో బాగా కాల్చిన ఇసుక అచ్చు ఒకటి సిద్ధంగా ఉంచండి. చల్లటి ఇనుప గిన్నె వాడొద్దు. అందులో రాగి చటుక్కున గట్టిపడి వాయువును లోపలే కప్పేస్తుంది, పరీక్ష అబద్ధం చెబుతుంది. వేడి గరిటెతో రెండు వందల గ్రాముల రాగి తీసి, గిన్నెలో పోసి, పైభాగం ఎలా గట్టిపడుతుందో కళ్లు ఆర్పకుండా చూడాలి. నల్లటద్దాలు మరవొద్దు.

మామూలుగా చెప్పేదేమంటే, నడుమ కుంగితే మంచి రాగి, ఉబ్బితే వాయువున్న రాగి. కానీ మన పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఈ దశలో రాగి నిండా ఆక్సిజన్ ఉంది. కొద్దిపాటి హైడ్రోజన్ మిగిలినా దానితో కలిసి ఆవిరై గిన్నెను ఉబ్బిస్తుంది. అప్పుడు హైడ్రోజన్ ఎక్కువుందో, ఆక్సిజన్ ఎక్కువుందో తేల్చుకోలేం. అందుకని రెండు చెంచాలు, అంటే రెండు పరీక్ష గిన్నెలు, పోయాలి. మొదటిది ఉన్నదున్నట్టు. రెండోదానికి గరిటెలోనే కందిగింజంత ఫాస్ఫర్ కాపర్ (ఫాస్ఫరస్ కలిపిన రాగి) ముక్క ఒకటో రెండో వేసి, కరిగాక, పోయాలి. ఫాస్ఫరస్ ఆ చెంచాలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇక అందులో ఉబ్బు వస్తే అది హైడ్రోజన్ పనే.

రెండో చెంచా చక్కగా కుంగిందా, హైడ్రోజన్ పోయినట్టే. ముందుకు వెళ్లండి. రెండోదీ ఉబ్బిందా, పోయడానికి వీల్లేదు. మంటలో గాలి పెంచి, కాస్త ఆక్సైడ్ వేసి, పది నిమిషాలాగి మళ్లీ పరీక్ష చేయండి. ఎంత ఆలస్యమైనా, అచ్చులు ఎదురుచూస్తున్నా, ఆర్డరు ఇచ్చినాయన గేటు దగ్గర నిలబడి ఉన్నా పోయకండి.

చల్లారిన మొదటి ముక్కను సుత్తితో విరిచి కూడా చూడండి. విరుపు మసక ఇటుక రంగులో ఉంటే ఆక్సిజన్ బాగా ఉందని. ఫాస్ఫరస్ ఎంత వేయాలో అంచనాకు అది సాయపడుతుంది.

నైట్రోజన్ సిలిండరు దొరికేవాళ్లకు ఇంకో దారి ఉంది. గ్రాఫైట్ గొట్టాన్ని ఎర్రగా కాల్చి రాగి అడుగుదాకా దించి, పొడి నైట్రోజన్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు సన్నగా పంపాలి. నైట్రోజన్ కరగదు, దాని బుడగల్లో హైడ్రోజన్ అసలుండదు. కాబట్టి రాగిలోని హైడ్రోజన్ ఆ బుడగల్లోకి చేరి వాటితో పాటే పైకి వెళ్లిపోతుంది. బుడగలు చిన్నవిగా, ఎక్కువగా ఉంటే మేలు, కుతకుత ఉడికించకూడదు. రాగి కొంత చల్లబడుతుంది, ముందే లెక్కలో పెట్టుకోండి.

ఆరో మెట్టు: ఆక్సిజన్ తీయడం

ఇక్కడ వాడేది 15 శాతం ఫాస్ఫరస్ ఉన్న ఫాస్ఫర్ కాపర్. లెక్క ప్రకారం 62 గ్రాముల ఫాస్ఫరస్ 80 గ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. మన పది కిలోల మూసలో 10 గ్రాముల ఆక్సిజన్ ఉంటే ఏడు గ్రాముల ముప్పావు ఫాస్ఫరస్ కావాలి, అంటే సుమారు 52 గ్రాముల ఫాస్ఫర్ కాపర్. దాన్ని ఒకేసారి కుమ్మరించొద్దు. మూడింట రెండు వంతులు వేడిచేసి, రాగి లోపలికి ముంచి, గ్రాఫైట్ కడ్డీతో కలియబెట్టి, ఒక చెంచా పరీక్ష చేసి, ఇంకా ఉబ్బితే మిగతాది వేయండి. పైన తేలిస్తే గాలిలోనే మండిపోతుంది, తెల్లటి పొగే మిగులుతుంది.

మోతాదు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, ఆక్సిజన్ అయిపోయాక మిగిలిన ఫాస్ఫరస్ రాగిలోనే ఉండిపోతుంది. 0.04 శాతం మిగిలితేనే రాగి వాహకత ఇంచుమించు నాలుగో వంతు పడిపోతుంది. బెజ్జాలు లేని బస్‌బార్ జాయింటు ఇచ్చాం కదా అనుకుంటే, అది లోడు మీద వేడెక్కి తిరిగొస్తుంది. నీటి పైపు ఫిట్టింగులకైతే ఫర్వాలేదు. కరెంటు పనికైతే ఫాస్ఫరస్‌తో చాలావరకు తీసి, చివరి కొసరును కాల్షియం బోరైడ్‌తోనో, లిథియం గుళికలతోనో తీయడం మంచిది. అవి వాహకతను పెద్దగా దెబ్బతీయవు. లిథియాన్ని తడి తగలకుండా దాచండి.

ఏడో మెట్టు: పోత

ఆక్సిజన్ తీసేసిన క్షణం నుంచి తక్కెడ మళ్లీ హైడ్రోజన్ వైపు తిరుగుతుంది. మూస బయటికి తీశాక రెండు మూడు నిమిషాల్లో పోత అయిపోవాలి. తెట్టు తీసి, మూస మూతిని అచ్చు గుంతకు వీలైనంత దగ్గరగా దించి, ధార తెగకుండా పోయండి. ఎత్తునుంచి పోస్తే ధార గాలిని చుట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది, ఇంతసేపు పడిన పాట్లు ధారలోనే పోతాయి.

పోసేచోట కింద పొడి ఇసుక ఉండాలి. సిమెంటు నేల మీద రాగి పడితే లోపలి తడి ఆవిరై నేల పేలుతుంది. తోలు బూట్లు, కాళ్లకు తోలు తొడుగు, నూలు బట్టలు వేసుకోండి, పాలియెస్టర్ లుంగీతో ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి.

అచ్చు గురించి క్లుప్తంగా చెబుతాను. పచ్చి ఇసుక అచ్చులో నాలుగు నుంచి ఆరు శాతం నీరుంటుంది. రాగికి అది ఎక్కువ. కనీసం లోపలి ముఖాన్ని మంటతో ఆరబెట్టాలి. మేము సోడియం సిలికేట్ కలిపి, కార్బన్ డయాక్సైడ్ ఊది గట్టిపరిచే ఇసుకకు మారిపోయాం. గూడూరు దిగువన చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్ల సిలికా ఇసుక దీనికి బాగుంటుంది.

ఇత్తడి, కంచు, పంచలోహం

ఇత్తడికి ఇంత తంతు అక్కర్లేదు. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఆవిరి పైకి పోతూ హైడ్రోజన్‌ను కూడా ఊడ్చుకుపోతుంది. జింకు ఆక్సిజన్‌నూ పట్టేస్తుంది. ఇత్తడిలో బొగ్గు కప్పి నెగ్గుకొచ్చినవాళ్లు రాగిలో అదే చేసి ఎందుకు దెబ్బ తింటారో ఇప్పుడు అర్థమవుతుంది. తేడా వాళ్ల పనితనంలో లేదు, జింకులో ఉంది. జింకు పొగ పీలిస్తే మాత్రం ఆ రాత్రి చలిజ్వరం ఖాయం.

కంచుకు రాగి పద్ధతే వర్తిస్తుంది. ముందు రాగిని కరిగించి, ఆక్సిజన్ పట్టించి, ఫాస్ఫర్ కాపర్‌తో తీసేసి, ఆ తర్వాతే తగరం వేయండి. ముందే వేస్తే తగరమే ఆక్సైడ్ అయి లోపల ఇసుకలా మిగిలిపోతుంది. అల్యూమినియం బ్రాంజ్‌కు ఆక్సిజన్ పద్ధతి అసలు పనికిరాదు, అల్యూమినియం పైన పొరకట్టి హైడ్రోజన్‌ను లోపలే బంధిస్తుంది. దానికి నైట్రోజనే దారి.

పంచలోహ విగ్రహాలు పోసేవాళ్లు లోహంతో పాటు అచ్చును కూడా అనుమానించాలి. మైనం కరిగి కారిపోగానే అచ్చు ఖాళీ అయినట్టు కాదు. మట్టి రంధ్రాల్లో ఇంకిన మైనం కాలిపోవాలంటే అచ్చు ఎర్రగా కాలాలి. లేకపోతే అది కూడా హైడ్రోజన్ గనే. విగ్రహం ముఖం మీద బెజ్జం పడితే పూడ్చడానికి ఏ శిల్పికీ మనసొప్పదు.

గుల్లను చదవడం

ముక్క పాడైతే వెంటనే మూసలో వేయకండి. రంపంతో నిలువునా కోసి, గరుకు కాగితంతో రుద్ది, ఎండలో పెట్టి చూడండి. సన్నని, గుండ్రని, గోడలు నున్నగా ఉన్న బెజ్జాలు ముక్కంతా పరుచుకుని, మందంగా ఉన్నచోట ఇంకా ఎక్కువగా ఉంటే అది మూసలో తాగిన వాయువు. చర్మం కిందే ఒకవైపు పెద్ద గుల్లలుంటే, ముఖ్యంగా అచ్చు తడిగా ఉన్న వైపు, అది ఇసుక ఆవిరి. గుండ్రంగా లేకుండా, గరుకు అంచులతో, చీలికలా నడిమధ్యలో ఉంటే అది వాయువే కాదు. రాగి గట్టిపడుతూ నాలుగైదు శాతం కుంచించుకుపోతుంది కదా, ఆ లోటును పూడ్చేంత రైజర్ లేదని అర్థం.

వాయువు కొద్దిగా ఉన్నప్పుడు చిన్నచిన్న బెజ్జాలు ఈ కుంచింపును భర్తీ చేసి, రైజర్ చదునుగా కనపడేలా చేస్తాయి. చదును రైజర్ చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ పద్ధతిలో పోసిన రాగికి రైజర్ లోతుగా గుంట పడుతుంది, అందుకే రైజర్లను ఇదివరకటి కన్నా పెద్దవి పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు మా షెడ్డులో అచ్చు విప్పగానే ముందు చూసేది ముక్కను కాదు, రైజర్ నెత్తిని. గుంట లోతుగా ఉంటే ముక్కను లేత్‌కు పంపుతాం. చదునుగా ఉంటే ఆ మూసలో పోసిన మొదటి ముక్కను కోసి చూశాకే మిగతావాటి మీద చెయ్యి వేస్తాం.